మైకులో చెప్పిన మాట

ఆదివారం ఉదయం పదకొండు గంటలకు, మందిరంలో విశ్వాసులు లేచి సాక్ష్యాలు చెప్పే సమయంలో, టైలరమ్మ మైకు అందుకుని పాస్టరుగారి బోధ తప్పని చెప్పింది. రెండో వాక్యం దగ్గర మైకు మూగబోయింది. ఆమె గొంతు పెంచింది.

ఆ బోధ మందుల గురించి. పొద్దున్నే మాత్ర మింగేవాడు దేవుడితో "నిన్ను నమ్మను" అని చెప్పి రోజు మొదలుపెడుతున్నాడని పాస్టరుగారు చలికాలంలో అన్నారు. ఆ వారమే ఆమె తల్లి బీపీ మాత్రలు మానేసింది.

తల్లీకూతుళ్లకు ముందుగది కొట్టు, వెనకగది ఇల్లు. కూతురు మిషను తొక్కుతుంది. తల్లి హుక్కులు, కాజాలు కుడుతుంది. మాత్రలు మానాక తల్లి చేతిలో సూదికి దారం ఎక్కడం లేదు. కళ్లు తిరిగి, గోడ పట్టుకుని నడుస్తోంది.

"మాత్ర వేసుకో అమ్మా" అంటే, "నువ్వేమన్నా దైవజనుడివా? ఆయన్ని చెప్పమను, డబ్బా మొత్తం మింగుతా" అనేది.

అందుకని టైలరమ్మ పాస్టరుగారి దగ్గరికే వెళ్లింది. సంఘంలో నేర్పిన క్రమం తప్పలేదు. ముందు ఒంటరిగా వెళ్లి చెప్పాలి, వినకపోతే ఇద్దరు సాక్షులతో వెళ్లాలి, అప్పటికీ వినకపోతే సంఘం ముందు పెట్టాలి. ఒంటరిగా వెళ్లినప్పుడు ఆయన ప్రార్థన చేసి పంపేశారు. రెండోసారి తమ్ముణ్ని, సంఘపెద్ద అయిన డ్రిల్లు మాస్టారుని వెంటబెట్టుకుని ఆయన గదికి వెళ్లింది. తమ్ముడు ఎలక్ట్రీషియన్. మందిరంలో సౌండు చూసుకునేది వాడే.

ఈసారి పాస్టరుగారు మెత్తబడ్డారు. "నేనూ షుగరు మాత్ర వేసుకుంటానమ్మా. మీ అమ్మగారినీ వేసుకోమను."

"ఆ మాటేదో ఆదివారం చెప్పండి అయ్యగారూ. నేను చెప్తే వినదు."

"అందరి ముందూ అలా చెప్తే జనం విశ్వాసం సడలుతుంది."

"మైకులో చెప్పింది మైకులోనే దిద్దాలి కదండీ?"

ఆయన వాచీ చూసుకున్నారు.

బయటికొచ్చాక తమ్ముడు, "నువ్వు లేచి అడిగెయ్యక్కా, నీ వెనక నేనున్నా" అన్నాడు. డ్రిల్లు మాస్టారు గొంతు సవరించుకుని, "నేను కూడా" అన్నారు.

ఆదివారం డ్రిల్లు మాస్టారు రాలేదు. మోకాళ్లు పట్టేశాయని కబురు పంపారు.

టైలరమ్మ గదిలో విన్న మాట కూడా చెప్పేశాక పాస్టరుగారు కోప్పడలేదు. "నేను మాత్ర వేసుకుంటానని చెప్పగా విన్నవాళ్లెవరైనా ఉన్నారా అమ్మా?" అని అడిగారు.

"మా తమ్ముడు విన్నాడు."

మందిరమంతా వెనక్కి తిరిగింది. తమ్ముడు సౌండు పెట్టె మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు.

"నాకు గుర్తులేదు," అన్నాడు.

"ఒరేయ్, నా మొహం చూసి చెప్పు."

"గుర్తులేదక్కా."

"దైవజనుడి మీద నోరెత్తితే ఇంతే," అన్నారెవరో ముందు వరుసలోంచి. టైలరమ్మ పక్కనున్న తల్లి లేచి, సంచీ తీసుకుని, వెనక్కి వెళ్లి కొడుకు పక్కన కూర్చుంది.

ఆరాధన అయ్యాక టైలరమ్మ మెట్ల దగ్గర తమ్ముణ్ని ఆపింది.

"మైకు కట్టేసింది నువ్వేగా?"

"రోడ్డు మీదికి వినబడుతోందక్కా. అసలే మనల్ని చూసి నవ్వేవాళ్లున్నారు, మనమే సందివ్వాలా? ఆయన తప్పే చెప్పాడనుకో, గదిలో ఒప్పుకున్నాడుగా. ఇంకేం కావాలి?"

"ఆయన గదిలో ఒప్పుకుంటే అమ్మ మాత్ర వేసుకుంటుందట్రా?"

"అమ్మను నేను చూసుకుంటాలే."

"నా వెనక ఉంటానన్నావు."

వాడు తాళాల గుత్తి ఈ జేబులోంచి ఆ జేబులోకి మార్చాడు.

ఆ సాయంత్రమే తల్లి బట్టలు సర్దుకుని కొడుకింటికి బయల్దేరింది. "తోడబుట్టినవాణ్ని నలుగురిలో అబద్ధాలకోరుని చేస్తావుటే?" అని గుమ్మంలో అంది. మర్నాడు టైలరమ్మ మాత్రలు పట్టుకెళ్తే మరదలు తలుపు సగమే తీసింది. "లోపల ప్రార్థన జరుగుతోంది వదినా. అవి ఇక్కడికి తేవద్దన్నారు మీ తమ్ముడు."

గురువారం ఉదయం తల్లి స్నానాలగదిలో పడిపోయింది. టైలరమ్మ ఆసుపత్రికి చేరేసరికి ఆమెకు తెలివి వచ్చింది. మంచం పక్కన డాక్టరు, బీపీకి మాత్రలు వాడుతున్నారా అని అడుగుతున్నాడు.

"రోజూ వేసుకుంటుందండీ," అన్నాడు తమ్ముడు.

"లేదు డాక్టరుగారూ. చలికాలం నుంచి ఒక్కటి కూడా వేసుకోలేదు."

"అక్కా, ఇక్కడ కూడానా?"

"మీ గొడవలు తర్వాత. ఈ మాటను బట్టే నేను మందివ్వాలి," అని డాక్టరు తల్లి మీదికి వంగాడు. "మీరు చెప్పండమ్మా. వేసుకుంటున్నారా?"

తల్లి కూతుర్ని చూసింది. తర్వాత కొడుకుని చూసింది.

"రోజూ వేసుకుంటున్నాను బాబూ," అంది.