పొయ్యి దగ్గర బాణం గుర్తు

మే నెల వచ్చిందంటే, చలికాలం ముంచుకొచ్చే ఆ దక్షిణ కొసన, చిలోయే దీవిలో ఆకులతో పాటు ఆకాశం కూడా రాలిపోతుంది. ఆ వారమంతా ఒకటే వాన. గాలికి పైకప్పు రేకులు లేస్తున్నాయని బడి మూసేశారు. ఇంకేముంది, మనవరాలూ మనవడూ రోజంతా ఎదెల్మీరా కాళ్ళకు అడ్డమే. కూతురు మారిసెల్ చేపల ఫ్యాక్టరీకి పోతే మళ్ళీ చీకటి పడ్డాకే ఇల్లు చేరుతుంది.

మనవరాలు యస్నాకి పదేళ్ళు. మామూలు పిల్లయితే ఏ మూలో కూర్చుని బొమ్మలు గీసుకునేది. దీనికి సైన్సు పిచ్చి. వాన రోజుల్లో ఇంట్లోనే చేసి చూడండని టీచరమ్మ చెప్పినవన్నీ వరసపెట్టి చేస్తోంది. మొదట కాగితాన్ని చుట్టలుగా కత్తిరించి, పాములా సాగదీసి, వంటింట్లో ఇల్లంతా వెచ్చబెట్టే ఇనప పొయ్యిపైన దూలానికి దారంతో వేలాడదీసింది. వేడికి అది గిరగిరా తిరుగుతుంటే నాలుగేళ్ళ ఎలియాస్ పరుపు మీద నుంచే చప్పట్లు కొట్టాడు. అంతవరకూ ముచ్చటగానే ఉంది. నిన్నటి నుంచి కొత్త పని పెట్టింది. వెలిగించిన కొవ్వొత్తి పట్టుకుని ప్రతి సందు దగ్గరా కూర్చోవడం, మంట ఎటు వాలితే అటు నేల మీద చాక్‌పీసుతో బాణం గీయడం. ఇంట్లోకి గాలి ఎక్కడ వస్తోందో, ఎక్కడ పోతోందో కనిపెట్టాలట. మైనం రుద్ది నిగనిగలాడించుకున్న నేల నిండా బాణాలే.

"ఒసే, నా నేలంతా పాడు చేశావు కదే! ఎవరు తుడుస్తారు, మీ టీచరమ్మ వచ్చి తుడుస్తుందా?"

"నేనే తుడుస్తాలే అమ్మమ్మా. ఇదిగో చూడు, పొయ్యి తలుపు దగ్గర మంట పొయ్యిలోకే వాలుతోంది. పొగ గొట్టం గాలిని లాక్కుంటోందన్నమాట."

"లాక్కోక ఊదుతుందా? లే అక్కణ్ణుంచి, జడ అంటుకుంటుంది!"

అది నిన్నటి మాట.

ఎదెల్మీరా భయమల్లా చలిగాలి గురించే. ఎలియాస్‌కి నెమ్ము చేసి, ఆసుపత్రిలో పడుండి ఇంటికొచ్చి నెల కూడా కాలేదు. ఇంకోసారి ఇలా అయితే పిల్లాడు తట్టుకోలేడని డాక్టరు మొహం మీదే చెప్పాడు. మారిసెల్ రోజూ గుమ్మం దాటుతూ, "అమ్మా, వాడికి గాలి తగిలిందంటే నేను బతకలేను" అనే పోతుంది. అందుకే ఎదెల్మీరా కిటికీ సందులన్నీ మూసింది. పిండి జిగురులో ముంచిన పాత పేపర్లు కూరడం ఆ దీవిలో ప్రతి ఇల్లాలూ ఏటా చేసే పనే. అయితే వంటింటి కిటికీ ఒక్కటి మాత్రం వదిలేస్తారు. ఈ ఏడు ఆవిడ దాన్ని కూడా వదల్లేదు. ఇవాళ పొద్దున్నే లేచి, చివరి పేపరు ముక్క దాకా కూరి, అప్పుడు గానీ ఊపిరి పీల్చుకోలేదు.

మధ్యాహ్నం వాన జోరు పెరిగింది. వాన పడితే సోపాయిపియాలు వేయించకపోతే అక్కడ ఇంటికే అవమానం. గుమ్మడికాయ కలిపిన పిండి బిళ్ళల్ని నూనెలో ఎర్రగా వేయించి పిల్లలకు పెట్టింది. ఆ తర్వాత పొయ్యిలో రెండు లావుపాటి కట్టెలు దోపింది. కట్టెలు తడిసున్నాయి. కునుకు తీసి లేచేదాకా నిప్పు ఆరకుండా ఉండాలని పొయ్యికి గాలి అందే కన్నం మీది బిళ్ళను దాదాపు పూర్తిగా మూసేసి, మాతే ఆకుల టీ గిన్నె పట్టుకుని కుర్చీలో కూలబడింది.

ఎలియాస్ కడుపులో తిప్పుతోందన్నాడు.

"అన్ని సోపాయిపియాలు మింగితే తిప్పదా మరి? పడుకో నాన్నా."

వాడు పడుకున్నాడు. కాసేపటికే నిద్రపోయాడు. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. నెల రోజులుగా పాలిపోయిన మొహం చూసి చూసి ఉందేమో, ఎదెల్మీరాకి కడుపు నిండిపోయింది.

"చూశావే, నీ తమ్ముడి మొహంలో ఎంత కళ వచ్చిందో!"

యస్నా మళ్ళీ కొవ్వొత్తితో పొయ్యి ముందు కూర్చుంది.

"అమ్మమ్మా, మంట నా వైపు వాలుతోంది."

"వాలనీ."

"నిన్న అటు వాలింది. ఇవాళ ఇటు వాలుతోంది. గొట్టం లాక్కోవడం లేదమ్మమ్మా, బయటికి ఊదుతోంది. నాకు తలనొప్పిగా ఉంది."

"పొద్దస్తమానం మంటను చూస్తూ కూర్చుంటే నొప్పి రాదా? నాకూ తల బరువుగానే ఉంది. వాన ముసురు అలాంటిది. నోరు మూసుకుని పడుకో!"

యస్నా పడుకోలేదు. లేచి వెళ్ళి వీధి తలుపు బార్లా తెరిచింది. చల్లటి గాలి రివ్వున లోపలికి దూరి కాగితం పామును ఎగరగొట్టింది. ఎదెల్మీరా ఒక్క గెంతులో వెళ్ళి తలుపు వేసి, పై గడియ బిగించి, మనవరాలి జబ్బ పట్టుకుని గుంజింది.

"తమ్ముణ్ణి చంపుతావా ఏమే? వాడికేమన్నా అయితే మీ అమ్మకేం చెప్పను? ఇంకోసారి తలుపు ముట్టుకున్నావంటే వీపు చిట్లగొడతాను!"

యస్నా కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. మళ్ళీ వెళ్ళి పొయ్యి దగ్గరే కూర్చుంది. చాక్‌పీసుతో నిన్నటి బాణం పక్కనే ఇంకో బాణం గీసింది. తర్వాత చెయ్యి కూడా కదపలేదు. అలిగింది, అలగనీ అనుకుంది ఎదెల్మీరా. వాన చప్పుడు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది. కళ్ళు మూతలు పడుతున్నాయి. కొవ్వొత్తి మాత్రం వెలుగుతూనే ఉంది. అది పిల్ల చేతిలోంచి జారితే కొంప అంటుకుంటుందని, దాన్ని ఆర్పుదామని లేచింది.

రెండడుగులు వేసిందో లేదో, మోకాళ్ళు వాటంతటవే మడతపడ్డాయి. పొయ్యి ముందు చతికిలపడింది. యస్నా గోడకు ఆనుకుని, నోరు తెరుచుకుని, కళ్ళు సగం మూసి ఉంది. కొవ్వొత్తి పళ్ళెంలో నిలబెట్టి ఉంది. ఆ మంట ఇప్పుడు ఎదెల్మీరా మొహానికి ఎదురుగా ఉంది. ఇంట్లో గాలన్నది లేదు, ప్రతి సందూ తన చేత్తోనే మూసింది. అయినా మంట పొయ్యి వైపు నుంచి తన వైపు వాలుతోంది. నేల మీద నిన్నటి బాణం పొయ్యిలోకి, ఇవాళ్టి బాణం ఇంట్లోకి.

అప్పుడు గుర్తొచ్చింది, కొండవాలులో ఉండే జాలరి కుటుంబం. ఒక చలికాలపు రాత్రి పొయ్యిలోంచి వాసన లేని విషగాలి ఇంట్లోకే తన్నుకొచ్చి, తెల్లారి ఆ ఇంట్లో ఎవరూ లేవలేదు. అందరూ నిద్రపోతున్నట్టే ఉన్నారనీ, బుగ్గలు ఎర్రగా ఉన్నాయనీ ఊరంతా చెప్పుకున్నారు.

"ఓరి దేవుడా! ఎలియాస్!"

గడియ అందుకోవాలంటే నిలబడాలి, కాళ్ళేమో లేవనంటున్నాయి. పొయ్యి పక్కనున్న ఇనప చువ్వ అందుకుంది. నేల మీద పాకుతూ వంటింటి కిటికీ కిందికి చేరి, బలమంతా కూడదీసుకుని చువ్వతో కొట్టింది. మొదటి దెబ్బకు పేపరు చిరిగింది. రెండో దెబ్బకు అద్దం భళ్ళున పగిలింది. వానా గాలీ కలిసి మొహాన కొట్టాయి. ఆ గాలిని గుటకలు గుటకలుగా మింగి, గోడ పట్టుకుని లేచి, గడియ తీసి, తలుపు తన్నింది.

"లేవే యస్నా! లేవే నా తల్లీ! బయటికి పద!"

జడ పట్టుకు లాగితే పిల్ల మూలిగింది, తూలుకుంటూ గుమ్మం దాటి మెట్ల మీద కూలబడింది. ఎదెల్మీరా ఎలియాస్‌ను రెండు చేతులా ఎత్తుకుంది. ఎక్కడి సత్తువ వచ్చిందో ఆవిడకే తెలియదు. వాడి తల గుడ్డబొమ్మలా వెనక్కి వేలాడింది. వాకిట్లో, బురదలో, కుండపోత వానలో మోకాళ్ళ మీద కూలబడి వాడి బుగ్గల మీద కొట్టింది.

"నాన్నా, కళ్ళు తెరువు! ఎలియాస్! నీకు దండం పెడతానురా, కళ్ళు తెరవరా!"

పక్కింటివాళ్ళు కేకలు విని పరుగెత్తుకొస్తున్నారు. వాన వాడి నోట్లోకి, ముక్కులోకి కారుతోంది. వాడు కదల్లేదు. యస్నా మెట్ల మీద నుంచి పాకుతూ వచ్చి తమ్ముడి పాదం పట్టుకుంది. ఎదెల్మీరా దాని మొహం చూడలేకపోయింది.

అప్పుడు ఎలియాస్ దగ్గాడు. ఇంకోసారి దగ్గి, తిన్నదంతా ఆవిడ ఒళ్ళో కక్కుకున్నాడు. కళ్ళు సగం తెరిచి, పళ్ళు టకటకలాడుతుంటే ఏడుపు గొంతుతో అన్నాడు.

"అమ్మమ్మా... చలేస్తోంది."

ఆ మాట వాడి నోట రాకూడదనే ఎదెల్మీరా కిటికీలన్నీ మూసింది. ఇప్పుడు వాణ్ణి గుండెకు అదుముకుని, ఇంకో చేత్తో యస్నాని దగ్గరికి లాక్కుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"మళ్ళీ అనరా నాన్నా," అంది. "చలేస్తోందని ఇంకొక్కసారి అను."