మూడడుగుల ఎత్తులో నానమ్మ

ఆవిడ నోట్లో నాలుక లేని మనిషి. కూరలవాడు కుళ్లిన టమాటాలు అంటగట్టినా "పోనీలే, వాడి ఖర్మ" అని సంచీలో వేసుకుని వచ్చే రకం. అలాంటి మనిషి పదకొండేళ్లుగా, వారానికి ఆరు రోజులు, టీవీలో కోడళ్లను పీక్కు తింటోంది. సెట్లో మేకప్ వేసే ముసలాయనతో సహా అందరూ ఆవిడను "అత్తగారూ" అనే పిలుస్తారు. అసలు పేరు ఆవిడకే గుర్తుందో లేదో!

ఇన్నాళ్లూ అన్నం పెట్టిన ఆ వేషం ఇప్పుడు మెడకు చుట్టుకుంది. కొడుక్కి బదిలీ అయి, భార్యతో, ఐదేళ్ల కూతురితో ఆవిడ ఇంట్లోనే దిగాడు. మనవరాలు చిట్టి గుమ్మంలో నానమ్మను చూస్తూనే కెవ్వుమని తల్లి కాళ్లకు కరుచుకుపోయింది. ఇంతకు ముందున్న ఊళ్లో ఆ పిల్లను చూసుకున్న ఆయా సీరియల్ పిచ్చిది మరి. ముద్ద ముద్దకీ ఈ అత్తగారిని చూపించే తినిపించింది. మూడు వారాలైనా చిట్టి నానమ్మ ఉన్న గదిలో అడుగు పెట్టలేదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆ పిల్లను ఎత్తుకోవాలని ఆవిడ ప్రాణం కొట్టుకుంటోంది.

"అదంతా నటనని కళ్లారా చూస్తే భయం పోతుంది అత్తయ్యా" అని కోడలు ఓ రోజు పిల్లను సెట్‌కు తీసుకొచ్చింది. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. ఆ రోజు తీస్తున్నది అత్తగారు తాళాలగుత్తి విసిరికొట్టి కళ్లెర్రజేసే షాట్. కెమెరామన్ ఎప్పటిలాగే పొట్టి స్టాండు మీద కెమెరా పెట్టి, నేల మీద చతికిలబడి, లెన్స్ పైకెత్తాడు. కోడలిని పైనుంచి చూడాలి, అత్తను కింద నుంచి చూడాలి. ఆ సీరియల్‌కు అదే రాజ్యాంగం. తర్వాత ఎడిటర్ మూడు జూములు, ఒక ఉరుము తగిలిస్తాడు. ఉరుము దాకా ఆగకుండానే చిట్టి గుక్కపట్టి ఏడ్చింది.

భోజనాల వేళ ఆవిడ మేకప్ కూడా తుడుచుకోకుండా ఓ మూల కూర్చుంది.

"నా పొట్ట నింపిన మొహమే నా కొంప ముంచింది నాయనా" అంది కెమెరామన్‌తో.

అతను వినడం లేదు. "అటు చూడండి" అన్నాడు.

ఏడుపు మాని, చిట్టి ఖాళీగా ఉన్న కెమెరా పక్కన నిలబడి ఉంది. పిల్ల కళ్లూ లెన్సూ సరిగ్గా ఒకే ఎత్తులో ఉన్నాయి.

"తప్పు మీ మొహానిది కాదు అత్తగారూ, నాది. పదకొండేళ్లుగా ఆ పిల్లంత ఎత్తులో కెమెరా పెట్టి మిమ్మల్ని రాక్షసిని చేశాను. ఇంట్లో కూడా దానికి మీరు అదే షాట్‌లో కనపడుతున్నారు."

"అయితే ఏం చేయమంటావ్? కాళ్లు నరుక్కోనా?"

"అంతొద్దు. కింద కూర్చోండి, చాలు."

కెమెరాను పొడుగు స్టాండుకు ఎక్కించి, లెన్స్ కిందికి వంచాడు. లైట్లు కట్టే నిచ్చెన తెచ్చి చిట్టిని ఎక్కించాడు. తల్లి వెనక నుంచి పట్టుకుంది. నానమ్మ ఉత్త నేల మీద కూర్చుంది.

"నేనేం చేయాలి?"

"ఏమీ చేయకండి."

అదొక్కటే ఆవిడకు చేతకాని పని. ఇన్నేళ్లలో ఏ కెమెరా ఆవిడను పైనుంచి చూసింది లేదు. పలచబడ్డ పాపిట కనపడుతుందేమోనని సిగ్గేసింది. అయినా తల పైకెత్తింది.

కెమెరాకున్న బుల్లి తెరలో చిట్టి చాలాసేపు చూసింది.

"నానమ్మ చిన్నగా ఉంది" అంది. తెర మీదికి ఇంకాస్త వంగి, "నానమ్మకి భయమేస్తోందా?" అని అడిగింది.

కోడలు ఏదో సర్దిచెప్పబోయింది. ఆవిడ చేత్తో వారించింది.

"అవునమ్మా. నువ్వు నా దగ్గరికి ఎప్పటికీ రావేమోనని భయం."

చిట్టి ఒక్కో మెట్టూ దిగింది. రెండడుగుల దూరంలో ఆగింది. ఇప్పుడు ఇద్దరి మొహాలూ ఒకే ఎత్తులో ఉన్నాయి. పిల్ల వేలు చాపి, దిద్దిన కనుబొమ్మను ముట్టుకుని చూసింది. వేలికి నల్లగా అంటింది. అది నానమ్మ చీరకే తుడిచేసి, ఒళ్లో కూర్చుంది. సెట్లో ఇన్నేళ్లూ ఆవిడ పని ఏడిపించడమే. ఏడవడం అదే మొదటిసారి.

"షాట్ రెడీ" అని కేకేశారు. మేకప్ ముసలాయన గొణుక్కుంటూనే కనుబొమ్మలు మళ్లీ దిద్దాడు. కెమెరామన్ పొట్టి స్టాండు లాక్కుని ఎప్పటి చోటే చతికిలబడ్డాడు. చిట్టి పరుగున వెళ్లి అతని చొక్కా పట్టుకు లాగింది.

"అక్కడ కూర్చోకు మామా. అక్కణ్ణించి చూస్తే నానమ్మ ఉండదు."