మిక్సీ బంద్ చెయ్యి

"మిక్సీ బంద్ చెయ్యే! మౌస్ పోయింది!"

పొద్దున పదిన్నరకి మా ఇంట్లో రోజూ వినపడే కేక ఇది. నా మొగుడు సంజీవ్ కోరుట్లలో మా ఇంటి హాల్లోంచే హైదరాబాద్ కంపెనీకి పనిచేస్తాడు. లాప్‌టాప్ పక్కన డాకింగ్ స్టేషన్ అని సబ్బుపెట్టెంత నల్ల డబ్బా ఒకటి ఉంటుంది. కీబోర్డూ మౌసూ దానికే తగిలించుకుంటాడు. నెల రోజులుగా మీటింగు మధ్యలో ఆ రెండూ చచ్చిపోతున్నాయి. వైరు పీకి పెడితే మళ్లీ పనిచేస్తాయి. కారణం నేనేనట. నా మిక్సీ కరెంటు గుంజుతోందట. అందుకని నెలరోజులుగా పల్లి చట్నీకీ అల్లం వెల్లుల్లికీ నాకు రోలే దిక్కు. మిక్సీ మూలన పడి ఉన్నా, మౌస్ పోగానే ఆయన నోట మాత్రం అదే కేక. అరచేతిలో బొబ్బ లేచింది. "మా కాలంల మిక్సీలెక్కడియి?" అంది మా అత్తమ్మ అంజవ్వ, చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ. ఆయనకు నడుం నొప్పని కొత్త కుర్చీ కొన్నాం. రోటి దగ్గర నాకు పీట ఉంది.

ఇక మాధవి. సంజీవ్ వాళ్ల టీం లీడ్. ఫోన్ స్పీకర్లో ఆమె గొంతు వినపడగానే మా ఆయన భాషే మారిపోతుంది. "మాధవి గారూ, మీరు చూస్తేనే అవుతుందండీ" అంటాడు. నన్ను పిలవాల్సి వస్తే "ఏయ్". "కర్నెల్ లాగ్ తెరవండి, యూఎస్‌బీ ఎప్పుడు డిస్‌కనెక్ట్ అయిందో చూడండి" అని ఆమె చెబుతుంటే, నేను గరిటె పట్టుకుని వంటింటి గడపలో నిలబడిపోతాను. పొయ్యి మీద పప్పు రెండుసార్లు మాడింది.

"గా పోరితోని గన్ని ముచ్చట్లేంది? నీకు కుళ్లు పుడ్తలేదా బిడ్డా?" అని అత్తమ్మ ఓ రోజు గుసగుసగా అడిగింది.

పుట్టింది. మస్తుగా పుట్టింది. ఆమె నా మొగుణ్ని ఎత్తుకుపోతుందన్న భయం నాకు లేదు. ఆయన్ని ఎవరు ఎత్తుకుపోయినా రోలు నాకే మిగులుతుంది. ఆమె మాట్లాడే మాటలన్నీ ఒకప్పుడు నావి. జగిత్యాలలో ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్‌లో మూడేళ్లు, ఇప్పుడు మా ఆయన లాప్‌టాప్‌ని నడిపించే ఈ లినక్స్‌తోనే, సర్వర్లు చూసుకున్నదాన్ని. పెళ్లయిన కొత్తలో సంజీవ్ నా పక్కన కూర్చుని, ఫోల్డర్ ఎలా మార్చాలో నన్నడిగి నేర్చుకున్నాడు. పాప పుట్టాక "ఒక్క ఏడాదే కదనే" అని ఆయన అంటే ఉద్యోగం మానేశాను. పాప ఇప్పుడు మూడో తరగతి. ఆ మాధవి పొద్దున లేచి తల దువ్వుకుని, ఎవరికీ టిఫిన్ డబ్బా కట్టకుండా లాప్‌టాప్ తెరుస్తుందేమోనని ఊహించుకుంటేనే నాకు కడుపు మండేది. ఆమెకీ ఎక్కడో ఒక రోలు ఉండే ఉంటుంది. ఉన్నా సరే, నాకు మండేది.

"అది మిక్సీ కాదు. నేను ఒక్కసారి లాగ్ చూస్త" అన్నాను ఓ రోజు.

"నువ్వు ఇడిశిపెట్టి ఎనిమిదేండ్లాయె. ఇప్పుడు లినక్స్ గప్పటి లెక్క లేదు. మాధవి గారు చూస్తున్నరు గదా" అన్నాడు, పల్లి చట్నీ ఇంకొంచెం వేయించుకుంటూ.

ఆదివారం పాపకు చెప్పులు కొనడానికి ఆయన బజారుకు పోయాడు. నేను కుర్చీలో కూర్చున్నాను. పాస్‌వర్డ్ ఆయన మొదటి బండి నంబరు. చెయ్యి ఎంగిలైనప్పుడల్లా నాతోనే కొట్టిస్తాడు. లాప్‌టాప్‌లో జరిగిందల్లా నమోదయ్యే ఆ లాగ్ తెరిచి, మిక్సీ వేసి, పరుగెత్తుకొచ్చి మౌస్ కదుపుతూ కూర్చున్నాను. ఏమీ కాలేదు. మిక్సీ ఆపేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని పదినిమిషాలు ఊరికే ఉన్నాను. మళ్లీ ముట్టుకుంటే మౌస్ చచ్చిపోయి ఉంది. లాగ్‌లో డిస్‌కనెక్ట్ అని పడింది.

ఇంతే సంగతి. కాసేపు ముట్టుకోకపోతే, కరెంటు ఆదా కోసమని లినక్స్ ఆ యూఎస్‌బీని నిద్రపుచ్చుతుంది. ఈ డబ్బాకి మళ్లీ లేవడం చేతకావడం లేదు. మీటింగులో మా ఆయన వింటూ కూర్చుంటాడు, మౌస్ ముట్టుకోడు. మొదట్లో సరిగ్గా అదే వేళకి నేను మిక్సీ వేసేదాన్ని. వైరు పీకి పెట్టి, లాప్‌టాప్ ఆన్ అయ్యేటప్పుడు చదివే ఫైల్లో యూఎస్‌బీ ఆటోసస్పెండ్ మైనస్ వన్ అని చేర్చాను, నిద్రపుచ్చొద్దని. దానిపైన నా పేరూ తారీఖూ రాశాను. ఏది మార్చినా పేరు రాయాలని పాత ఆఫీసులో పడ్డ అలవాటు. రీస్టార్ట్ చేసి, మళ్లీ పదినిమిషాలు ఆగి చూశాను. మౌస్ కదిలింది. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

చెబుదామనే అనుకున్నాను. సోమవారం మాధవి పంపిన కొత్త వైరు వచ్చింది. బుధవారం దాకా ఏ గొడవా లేకపోయేసరికి సంజీవ్ వాళ్లమ్మతో "మాధవి గారి వైరుతోటి సెట్టయింది" అన్నాడు. నా వైపు తిరిగి "అయినా నువ్వు మిక్సీ మాత్రం ఎయ్యకు" అన్నాడు. ఆ పూట నేను అన్నం తినలేదు.

గురువారం మీటింగులో మాధవి గొంతు. "సంజీవ్ గారూ, ఇంకో ఇద్దరికి కూడా అదే వైరు పంపించాను, వాళ్ల డాక్ ఇంకా పోతోంది. మీదొక్కటే ఎలా పనిచేస్తోంది? స్క్రీన్ షేర్ చేయండి." సంజీవ్ షేర్ చేశాడు. "ఇదిగో, ఈ ఫైల్లో ఆటోసస్పెండ్ ఆపేసి ఉంది. పైన కల్పన అని రాసి ఉంది. కల్పన ఎవరు?"

రోట్లో బండ ఆగింది. సంజీవ్ వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

"మా మిసెస్ అండీ. నేను చెప్తుంటే టైప్ చేసింది."

"ఓహ్. మీకు ఏం చూస్తే అనుమానం వచ్చింది?"

సంజీవ్ మైకు ఆపేశాడు. "ఏం చూసినవే? జల్ది చెప్పు!"

నేను లేచి, రోట్లో పల్లీలు మిక్సీ గిన్నెలోకి ఎత్తాను. మూత బిగించాను.

"మిక్సీ ఎయ్యకు, మీటింగుల ఉన్న!"

వేశాను. అత్తమ్మ బీడీ ఆకు చేతిలో పట్టుకుని స్క్రీను వంకే చూసింది. సంజీవ్ చేతికింద మౌస్ బాణం చక్కగా కదులుతూనే ఉంది. పల్లీలు మెత్తగా అయ్యేదాకా ఆగి, మిక్సీ ఆపి, చేతులు తుడుచుకుని టేబుల్ దగ్గరికి వెళ్లాను.

"జర లే. మాధవి గారికి నేను చెప్త. ఆమె దగ్గర పనులేమన్న ఉన్నయేమో గూడ అడుగుత."

ఏమనుకున్నాడో, లేచాడు. కూర్చుంటే నా కాళ్లు నేలకందలేదు. కుర్చీ ఆయన ఎత్తుకి ఉంది. కిందున్న మీట నొక్కి, నా ఎత్తుకి దించుకుని, మైకు ఆన్ చేశాను.