లెక్కకు రాని రెండు పట్టీలు

స్లాబ్ పోత మొదలుపెడితే చివరిదాకా ఒక్క ఊపున సాగాలి. మధ్యలో గంట ఆగిందా, పాత కాంక్రీటు బిగుసుకుపోయి కొత్తది అతకదు. ఆ అతుకులోంచి ఇల్లు కారుతూనే ఉంటుంది. ఈ సంగతి కొత్త ఇంజనీరమ్మకు పరీక్షలో మార్కులు తెచ్చింది, ఇవాళ మాత్రం గుండెల్లో రాయి వేసింది.

ఇల్లు సొంత పిన్నిది. "అక్క కూతురుండగా బయటివాళ్లెందుకు?" అని పట్టుబట్టి పని అప్పగించింది. ఇరవై అడుగుల పొడవు, పదిహేను వెడల్పున్న స్లాబును, పిన్ని కోరిందని పొడవులో నాలుగు, వెడల్పులో మూడు పెంచారు. ఈ ఇంజనీరు మహాతల్లి ఏం చేసింది? ఇరవైని పదిహేనుతో, నాలుగును మూడుతో గుణించి, రెండూ కూడేసి, మూడొందల పన్నెండు చదరపు అడుగులకు సిమెంటు తెప్పించింది. పొద్దున మేస్త్రీ బస్తాలు చూసి, "చాలవేమోనమ్మా" అంటే, "లెక్క నేను చూశాగా, మీరు పని చూడండి" అని నోరు మూయించింది కూడా.

సగం పోత అయ్యాక మూలన నిలబడితే తప్పు కళ్లకు కట్టింది. తను అదనంగా లెక్కేసిన పన్నెండు చదరపు అడుగులూ ఆ మూల ముక్కే! పెరిగిన నాలుగడుగులు పదిహేనడుగుల పొడవునా, మూడడుగులు ఇరవై అడుగుల పొడవునా పట్టీల్లా ఉన్నాయి. ఒక్కోటి అరవై చదరపు అడుగులు. మొత్తం నూట ఇరవై అడుగులు గాలికొదిలేసింది.

చెబుదామని రెండుసార్లు నోరు తెరిచింది. అందరి ముందూ పరువు పోదూ? ఎలాగో సరిపోతుందిలే అనుకుంటూ, విప్పే ప్రతి బస్తానూ గుడ్లప్పగించి చూస్తూ అలాగే ఉండిపోయింది పిచ్చిది.

నాలుగే బస్తాలు మిగిలేసరికి ఇక ఆగలేక అతని దగ్గరికి వెళ్లింది. "మేస్త్రీ, సిమెంటు చాలదు. నా లెక్క తప్పు."

"అయ్యో, లెక్క ఎవరికి తప్పదమ్మా!" అంటూ అతను ఫోన్ తీశాడు. "గోదాము గంట దూరం. ఇప్పుడే చూసుకున్నారా?"

"లేదు... గంటైంది."

మేస్త్రీ చెయ్యి ఆగిపోయింది. "అప్పుడే చెప్పుంటే లారీ ఈపాటికి గేటు దగ్గరుండేది కదమ్మా."

ఇంతలో పిన్ని మెట్లెక్కి వచ్చింది. "ఏమైంది మేస్త్రీ, అలా నిలబడిపోయారు?"

అతను ఇంజనీరమ్మ మొహం చూశాడు. పాలిపోయి ఉంది. "సిమెంటు తక్కువైందమ్మా. తప్పు నాది."

"నిన్ను నమ్మినందుకు నా కొంప ముంచావయ్యా!" అని పిన్ని విరుచుకుపడింది. అతను తల వంచుకున్నాడు. ఇంజనీరమ్మ మాట్లాడకపోతే బతికిపోతుంది. ఆ ఆలోచనకే ఆమె హడలిపోయింది.

"కాదు పిన్నీ, తప్పు నాది. గంట ముందే తెలుసు నాకు," అంది, ఇద్దరి మధ్యకూ వచ్చి.