ఇంక జర నూరాలె

ఆదివారం పొద్దున నల్లా బంద్ పెట్టాలని ఎవరికి తోచిందో గానీ వాడికి గడ్డం మొలవదేమో, మొలిచినా సెలూన్లో గీయించుకుంటాడేమో, లేకపోతే సానరాయి నానాలంటే నీళ్లు కావాలని తెలియదా, అనుకుంటూ దివాకర్ ఇడ్లీ గిన్నెలోకి వంగి చూశాడు, రాయి అడుగున పడుకొని ఇంకా బుడగలు వదులుతోంది, బుడగలు ఆగితేనే నానినట్టు, బిందెలో నానబెడదామంటే తాగే నీళ్లు, బకెట్లో నానబెడదామంటే భార్య సుమన చీరలున్నాయి, చివరికి దొరికింది ఇడ్లీ గిన్నె, దాంతో సుమన వంటింటి గడపలో నిలబడి, ఇయ్యాల మీరు గా రాయే తినుండ్రి, మాకు ఉప్మా చాలు, అని చెప్పి లోపలికి పోయింది, ఆమె కోపంలో న్యాయం ఉందని అతనికి తెలుసు, న్యాయం కనబడగానే గిన్నె ఖాళీ చేసే మనిషే అయితే ఇన్నేళ్లుగా సీనియర్ అసిస్టెంటుగా ఎందుకు ఉండిపోతాడు, ఎప్పుడో ఏదో ఒకటి అయ్యుండేవాడు, లేదా ఆ ఉద్యోగం కూడా పోయుండేది.

రాయి తీసి బట్టలుతికే బండ మీద తడిగుడ్డ పరిచి దానిమీద పెట్టాడు, గడ్డం కత్తి మడత విప్పాడు, కొమ్ము పిడి ఒకచోట పగిలితే రాగితీగ చుట్టి ఉంది, ఆ తీగ చుట్టింది అంజన్న, ఊళ్లో దివాకర్ తండ్రికి, బాపుకూ బాపు ఈడువాళ్లందరికీ గడ్డాలు గీసిన అంజన్న, ఆయన పోయాక కొడుకు కొత్తకోటలో సెలూన్ పెట్టుకొని సగం బ్లేడు విరిచి దూర్చే కత్తికి మారిపోయి, ఇది మీకాడనే ఉండనియ్‌రి పెదనాయినా, మా నాయిన యాదికి, అని బాపు చేతిలో పెట్టి పోయాడు, అప్పటినుంచి బాపు తన గడ్డం తానే గీసుకునేవాడు, చెయ్యి వణకనంత కాలం, ఇప్పుడు దివాకర్ కత్తి వీపునూ అంచునూ రెండింటినీ రాయికి ఆనించి, అంచు ముందుకు వెళ్లేలా తోసి, చివర్లో వీపు మీద తిప్పి, వెనక్కి, మళ్లీ తిప్పి, ముందుకు, నొక్కొద్దు, నొక్కితే అంచు మడత పడుతుంది, ఇదంతా ఫోన్లో ఒక తెల్లాయన దగ్గర నేర్చుకున్నాడు, ఆయన ఏ భాషలో మాట్లాడతాడో ఇప్పటికీ తెలియదు, వెనకాల పియానో మాత్రం మోగుతుంటుంది, సానరాయి నీళ్లు బూడిదరంగు తిరుగుతుంటే ఆయన ముఖంలో ఒక శాంతి కనబడుతుంది, ఆయనకు ఇడ్లీ గిన్నె గొడవ ఉండదు కదా.

పదును ఎంత వచ్చిందో చూడాలంటే చేతిమీది వెంట్రుకల మీద గీయాలి, అలా గీసీ గీసీ అతని ఎడమ ముంజేయి అరచెయ్యిలా నున్నగా అయిపోయింది, కుడి చేతికి మాత్రం అడవి అలాగే ఉంది, ఆఫీసులో విజేందర్ అది చూసి కుర్చీ దగ్గరికి జరుపుకొని గొంతు తగ్గించి, అన్నా, మా బామ్మర్దికి గిట్లనే అయింది, మంచి మలాం ఉన్నది, పేరు రాసిస్త, మొదట్లనే పట్టుకుంటే పోతది, అన్నాడు, వద్దంటే రోగం దాస్తున్నాడనుకుంటాడని దివాకర్ ఆ మలాం కొన్నాడు, కొన్నందుకు కొన్నాళ్లు రాశాడు కూడా, ఎండాకాలమంతా నిండు చేతుల చొక్కాలే, కత్తిని చివర్లో సాపు చేసే తోలుపట్టీకి పెళ్లినాటి బెల్టు పోయింది, అది పోయాక ప్యాంటు నిలవడం లేదు, గింత ధ్యాస ఫైళ్ల మీద పెడితే ఎప్పుడో ప్రమోషన్ అయ్యేటోళ్లు, అని సుమన అంటుంది, కాలనీ వాళ్లడిగితే మాత్రం మా ఆయన హాబీ అని చెబుతుంది, హాబీ అంటే గౌరవం, మామయ్యకు గడ్డం గీస్తాడంటే ఎందుకో గౌరవం కాదు.

హాబీ అట, అనుకున్నాడు దివాకర్, కత్తి తిప్పుతూ, నిరుడు బాపుకు మతి తప్పడం మొదలైనప్పుడు ఊరినుంచి ఇక్కడికి, కల్వకుర్తికి తెచ్చుకున్న కొత్తలో, ప్లాస్టిక్ రేజరు పట్టుకొని దగ్గరికి పోతే మొహం గోడకు తిప్పేసేవాడు, చెయ్యి విదిలిస్తే నురగంతా సుమన మీద పడేది, గడ్డం ఛాతీ దాకా పెరిగితే చెల్లెలు సుచరిత ఫోన్ చేసి, మా బాపును గట్ల సాధువును చేసిన్రేంది అని ఏడ్చింది, అప్పుడే పాత పెట్టెలో ఈ కత్తి దొరికింది, ఊరికే తోలు మీద టపటపమని కొట్టాడు, ఆ చప్పుడుకు బాపు తల తిప్పాడు, తనంతట తానే గడ్డం పైకెత్తి, ఏందిరా అంజన్నా, గిన్నొద్దులు యాడికి పోయినవ్, అన్నాడు, నెలల తర్వాత మొదటి పూర్తి మాట, దివాకర్‌కు ఏం చెప్పాలో తోచక, పనివడ్డది అన్నా, అన్నాడు, అన్నా అని, కన్నతండ్రిని, అంతే, ఆనాటినుంచి ఆదివారం ఆదివారం అతను అంజన్న.

మిగతా రోజుల్లో అతను కరెంటు బిల్లు సారు, అన్నం తినిపిస్తే, సారు మంచోడు, బిల్లు కొట్టుటానికొచ్చి బువ్వ పెడుతుండు, అని సుమనకు చెబుతాడు బాపు, ఆదివారం కత్తి చేతికి రాగానే ముచ్చట్లే ముచ్చట్లు, దొంగతనంగా కోసిన సీతాఫలాలు, అమ్మ నర్సింగమ్మతో పెళ్లిచూపుల నాడు చెప్పులు మారిపోవడం, ఇవేవీ కొడుక్కి ఎన్నడూ చెప్పలేదు, కొడుక్కి చెప్పినవి రెండే, చదువుకో, లైటు బందుజెయ్, ఒకసారి గడ్డం గీస్తూ మైమరచి, అవునా బాపూ, అన్నాడు దివాకర్, బాపు ముఖం మూసుకుపోయింది, ఎవన్ని బాపంటున్నవ్ ర, అని అడిగి ఆ పూటంతా నోరు తెరవలేదు, మళ్లీ ఎన్నడూ ఆ తప్పు చేయలేదు, గడ్డం అయ్యాక, అమ్మాయీ, అంజన్నకు గింజలు పొయ్యి, అని బాపు కేకేస్తే సుమన గిన్నెలో బియ్యం తెస్తుంది, దివాకర్ తువ్వాలలో పోయించుకొని దండం పెట్టి ముందు తలుపులోంచి బయటికి పోయి, ఇల్లు చుట్టి, వెనక తలుపులోంచి వచ్చి బియ్యం డబ్బాలో పోస్తాడు, దారిలో గింజలు తగ్గుతున్నయని సుమనకు అనుమానం.

అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కటే, గడ్డానికి ముందు బాపు కత్తి అడిగి తీసుకుంటాడు, బొటనవేలి గోటి మీద మెల్లగా ఆనించి చూస్తాడు, మనుషుల్ని మరిచిపోయిన ఆ వేళ్లు అంచును మాత్రం మరిచిపోలేదు, చూసి తిరిగి ఇచ్చేస్తూ, ఇంక జర నూరాలె, అంటాడు, ప్రతివారం అదే మాట, గడ్డం మాత్రం గీయించుకుంటాడు, చెంప మీద గాటు పడదు, మంట అనడు, అయినా వచ్చేవారం మళ్లీ ఇంక జర నూరాలె, దివాకర్‌కు మొండితనం అనిపించేది, చిన్నప్పుడు తొంభై మార్కులొస్తే మిగతా పది ఏమైనయ్ అన్న మనిషే కదా, తనకు యాభై ఏళ్లొచ్చాకైనా ఆ నోటితో బాగుంది అనిపించుకోవాలని పంతం పట్టి ఇంకో రాయి తెప్పించాడు, ఇంకా సన్నది, ఇవ్వాళ కత్తి ముంజేతికి తగలకముందే వెంట్రుకలు రాలుతున్నాయి, రాలడానికి ఇక పెద్దగా ఏమీ మిగల్లేదు గానీ రాలుతున్నాయి, తడి తుడిచి, బెల్టు మీద కత్తి వీపు ముందుగా లాగి లాగి, లేచాడు.

వసారాలో బాపు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు, మెడ చుట్టూ తువ్వాల, చెంపలకు నురగ, ముందుంచిన స్టీలు గిన్నెలో నీళ్లు, భిక్షమన్నా, ఇయ్యాల గూడ మొద్దున్నదంటే నేనీ పనే ఇడిసిపెడ్త, అన్నాడు దివాకర్, అంజన్న బాపును పిలిచే పేరుతో, కాస్త గర్వంగానే, బాపు నవ్వలేదు, చెయ్యి చాపలేదు, కోపానికి రాకు ర అంజన్నా, అన్నాడు, నా గడ్డానికి గీ పదును ఎప్పుడో చాలు, నా గడ్డానికి కాదు నేను చూసేది, అని వాకిట్లో తులసి కుండీ వైపు చూసి, మా దివాకర్‌గాడు లేడా, ఎప్పుడొస్తడో తెల్వదు, బతికుండంగ రాకున్నా గప్పుడైతే రావాలె గద, నేను పోయినంక, దినాల నాడు వాగు కాడ వానికి గుండు గీయాలె గద, నువ్వే గీయాలె, వాళ్లమ్మకు దినాలు చేసిన నాడు నువ్వు ఊర్ల లేవు, ఎవడో మొద్దుకత్తితోని గీసి నెత్తురు పారిచ్చిండు, పోరడు పండ్లు బిగబట్టుకొని కూసున్నడు, నేను సూడలేక మర్లవడి నిలవడ్డ, వానికి నెత్తి మీద రెండు సుడులు ర, రెండు సుడులుంటే రెండు పెండ్లిండ్లంటరు, వానికి ఒక్కటే ఎక్కువైంది, ఆ సుడుల కాడ ఎంటికె అడ్డం తిరుగుతది, గాడ తెగుతది, తోలు మెత్తన, వాడు నొస్తున్నదని చెప్పడు, నాకు గదొక్కటే రంది, నీ కత్తి గట్ల కుదిరిందనుకో, ఇగ నాకేం ఫికర్ లేదు, పోత, అని ఇప్పుడు చెయ్యి చాపాడు, తే, సూస్త.

ఆనాడు అందరూ దివాకర్ చుట్టూ నిలబడితే బాపు ఒక్కడే వాగు వైపు తిరిగి నిలబడ్డాడు, వీపు మాత్రమే కనబడింది, ఏడుపు రాని మనిషి అనుకున్నాడు, అమ్మ పోయినా ఏడవని మనిషి అని సుచరితతో కూడా అన్నాడు, ఇన్నేళ్లూ ఆ వీపునే బాపు అనుకున్నాడు, చేతిలో కత్తి ఉంది, ఇవ్వాళ కుదిరిన కత్తి, ఆ గోరు అబద్ధం చెప్పదు, తే అంటున్నాడు బాపు, పోత అన్నాడు, ఊళ్లో పెద్దవాళ్లు పోతమంటే పోతారు, చేనుకు పోయినట్టే పోతారు, దివాకర్ పక్కకు తిరిగి, కత్తి కడిగినట్టుగా, వంగి, స్టీలు గిన్నె అంచు మీద ఆ పదునును ఒక్కసారి బరబర లాగాడు, ఆ చప్పుడుకు వంటింట్లోంచి సుమన, ఏందది, అని అడిగింది, ఏం లేదన్నాడు, తుడిచి బాపు చేతికి ఇచ్చాడు, గోటి మీద ఆనింది, బాపు కనుబొమలు ముడిపడ్డాయి, తల అడ్డంగా ఊపాడు, ఇంక జర నూరాలె ర, అన్నాడు, ఆ మాట ఇంత చల్లగా ఉంటుందని దివాకర్‌కు తెలియదు.

ఆ కత్తితోనే గీయాల్సి వచ్చింది, ఎంత మెల్లగా పట్టుకున్నా దవడ కింద పీకింది, తెల్ల నురగలో దారమంత ఎరుపు, దివాకర్ కత్తి పైకి తీశాడు, బాపు అతని మణికట్టు పట్టుకొని తట్టాడు, ఏం కాదు తియ్, నా తోలు మొద్దుది, వాని నెత్తి గట్ల కాదు గనుకనే చెప్తున్న, అన్నాడు, కళ్లు మూసుకొని రెండో చెంప ఇచ్చాడు, దివాకర్ పటిక అద్దుతూ ఊ అన్నాడు, ఆ ఊ అంజన్నదో అతనిదో అతనికే తెలియదు.

ఇప్పుడు మళ్లీ వెనకవైపు బండ దగ్గర కూర్చున్నాడు, అంచుకు పడ్డ పళ్లు ఎండలో కనబడుతున్నాయి, వచ్చే ఆదివారంలోగా అవి పోవాలి, లేకపోతే బాపు చెంప మళ్లీ తెగుతుంది, పూర్తిగా పోతే బాపుకు రంది తీరుతుంది, ఇన్నాళ్లూ తను పదును పెడుతున్నది బాపు గడ్డానికి అనుకున్నాడు, బాపు పదును పెట్టిస్తున్నది కొడుకు తలకు, ఆ కొడుకు ఎక్కడున్నాడో బాపుకు తెలియదు, ఎక్కడ తెగుతుందో మాత్రం తెలుసు, దివాకర్ కత్తిని రాయికి ఆనించాడు, తోయలేదు, అయ్యా, అమ్మా, ఇది చదువుతున్న మీలో కత్తి నూరడం తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఆ తెల్లాయన చెప్పడు, ఆయన వీడియోల్లో ఇది లేదు, ముసలి చెంప తెగకూడదు, ముసలి గోరు సరేననకూడదు, ఆ రెండింటికీ మధ్య పదును ఎక్కడుంటుందో, రాయి మీద ఎప్పుడు ఆపాలో, మీకు దండం పెడతాడు, ఆదివారంలోగా చెప్పండి.