జానెడు తక్కువ

వీధిలో సగం ఇళ్లకు తీగలు లాగిన ఎలక్ట్రీషియన్, సొంతింట్లో జానెడు తక్కువ లాగాడు. పాత ల్యాప్‌టాప్‌కి వైఫై ఏనాడో చచ్చిపోయింది. రౌటర్ నుంచి గోడ వెంట వచ్చిన కేబుల్ భార్య కుట్టుమిషను గది గుమ్మం దాకా వచ్చి, లోపలి బల్లకి అందకుండా ఆగిపోయింది.

"ఊరందరికీ వెంట్రుకవాసి తేడా రానివ్వరు. మనింటికొచ్చేసరికి జానెడా!" ఆమె కస్సుమంది.

"ఈ పూటకి సర్దుకోవే. రేపు పొడుగుది తెస్తా."

చేసేది లేక ల్యాప్‌టాప్‌ను గుమ్మంలో పీట మీద పెట్టారు. ఇరుకు గుమ్మం. భుజాలు రాసుకుంటూ కూర్చుంటే తప్ప ఇద్దరికీ తెర కనబడదు. వీడియో కాల్‌లో తెర మీదికొచ్చిన ఆమె చెల్లెలు పగలబడి నవ్వింది.

"ఏంటి బావగారూ, కొత్త పెళ్లికొడుకులా అక్కని అతుక్కుపోయారు?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పక్కకి మాత్రం జరగలేదు.

మర్నాడు టేపు కోసం ఆయన పనిసంచి తెరిచిందామె. అడుగున పొడుగాటి కేబుల్ చుట్ట ఉంది. దానికి పట్టిన దుమ్ము చూస్తే నిన్నా మొన్నా కొన్నది కాదు. చప్పుడు కాకుండా సంచి మూసేసింది.

సాయంత్రం ఆయన ఎటో చూస్తూ చెప్పులు విడిచాడు. "పొడుగుది ఎక్కడా దొరకలేదే."

"పోన్లెండి," అందామె.

గుమ్మంలో, పీట ముందు, అప్పుడే కుట్టిన మెత్తలు రెండున్నాయి. పక్కపక్కనే, సరిగ్గా గుమ్మం కొలతకి.