స్టీరింగ్ వెనక్కి రావాలి

డోరీన్ ఆక్రాయిడ్ ఆ కారును పెట్టెల్లోంచి తీసి కట్టుకుంది. చట్రం ఒక పెట్టెలో వచ్చింది, రేకులు ఇంకో పెట్టెలో, ఇంజను ఒక తుక్కు బండిలోంచి. హడర్స్‌ఫీల్డ్‌లో బడి వంటగదిలో పొద్దంతా బంగాళదుంపలు ఉడకబెట్టి, సాయంత్రాలు ఫ్లాట్ల వెనక షెడ్డులో బోల్టులు బిగించింది. ఇప్పుడా షెడ్లు పడగొడతారట. ఎందుకని అడిగితే ఆ ఫ్లాట్లు నడిపే ఊరి కౌన్సిల్ దగ్గర జవాబు లేదు, బుల్డోజరు మాత్రం ఉంది.

"రోడ్డెక్కే అనుమతి లేని బండి శుక్రవారం ఇక్కడుంటే తుక్కు లారీ ఎత్తుకుపోతుంది" అన్నాడు కౌన్సిల్ హౌసింగ్ ఆఫీసరు. "పరీక్ష పాసైతే చెప్పండి, నంబరు వచ్చేదాకా వాకిట్లో ఉండనిస్తాను." ఆ కుర్రాడికి ఆమె గరిటె వయసు కూడా ఉండదు.

సొంతంగా కట్టిన బండ్లకు పెట్టే ఆ పరీక్షకు దొరికింది గురువారమే. అంటే ఒక్క అవకాశం.

తోడుగా నెవిల్ వచ్చాడు. సొంతంగా కార్లు కట్టుకునేవాళ్ళ క్లబ్బులో పాత కాపు. ఆ క్లబ్బులో ఒక ఆచారం ఉంది. పరీక్షలో ఏ అంచూ పదునుగా ఉండకూడదు, వెనక బండ్లు చూసే పక్క అద్దాలు కొలత ప్రకారం ఉండాలి. అందుకని క్లబ్బంతటికీ కలిపి ఒకే జత వికారమైన అద్దాలు. పరీక్ష రోజు బిగించడం, పాసయ్యాక పీకి తర్వాతివాళ్ళకి అందించడం. అంచులకు అంటించిన రబ్బరు పట్టీల గతీ అంతే, ఇంటికెళ్ళగానే ఊడబీకుతారు.

పరీక్ష చేసే గార్ఫిట్ కారు చుట్టూ తిరిగి అద్దాల దగ్గర ఆగాడు.

"కులాసాయేనా?" అని అద్దాన్ని పలకరించాడు. "పోయిన నెల పసుపు కారు మీద కలిశాం."

నెవిల్ దగ్గాడు.

"కుటుంబ ఆస్తి సార్" అంది డోరీన్.

"కుటుంబం పెద్దదేనమ్మా."

బ్రేకులు బాగున్నాయి. దీపాలు బాగున్నాయి. అంచులన్నీ తడిమి చూశాడు, ఎక్కడా కోసుకోలేదు. తర్వాత తనే ఎక్కి ఆవరణలో నెమ్మదిగా గుండ్రంగా తిప్పాడు. మలుపు మధ్యలో చేతులు వదిలేశాడు. కారు గానుగెద్దులా అలాగే తిరుగుతూ పోయింది.

దిగి తల అడ్డంగా ఊపాడు. "వదిలేస్తే స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావాలి. ఇది రావట్లేదు. ఈ ఒక్కదాంతో ఫెయిలు. మళ్ళీ తారీఖు వచ్చే నెలకి ఇస్తారు."

తప్పు డోరీన్‌దే. పెద్ద గిన్నెలు దించీ దించీ ఆమె కుడి మణికట్టు ఎప్పుడో పాడైంది. స్టీరింగ్ తేలిగ్గా తిరగాలని, ముందు చక్రాలను పట్టి ఉంచే పై కడ్డీల దగ్గర వాషర్లన్నీ వెనక వైపుకే వేసుకుంది. వద్దు, అలా వేస్తే స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదని నెవిల్ చెప్పాడు. నొప్పి నీదా నాదా అని అతని నోరు మూయించింది.

"నాకు వచ్చే నెల లేదండీ" అంది డోరీన్. "రేపు లారీ వస్తుంది. మీరు భోజనానికి ఎప్పుడెళ్తారు?"

"ఇప్పుడే."

"వెళ్ళండి. గబగబా మింగకండి, కడుపుకి మంచిది కాదు. వంటమనిషిని, నాకు తెలుసు."

గార్ఫిట్ నవ్వు ఆపుకున్నాడు. "నేనొచ్చేసరికి చక్రాలు నేల మీద ఉండాలి. ఒక్క బోల్టు వదులున్నా చూడను."

వాన మొదలైంది. జాకీ పెట్టి కారు ముందు భాగం ఎత్తారు.

"వాషర్లు ముందుకు మారిస్తే స్టీరింగ్ రాయిలా బరువెక్కుతుంది. తిప్పలేవు డోరీన్."

"నీ తల తిప్పి చూపించనా? ఆ పానా ఇలా ఇవ్వు."

ఎడమ వైపు తేలిగ్గానే వచ్చింది. కుడి వైపు బోల్టు కదలలేదు. మణికట్టులో నిప్పు పెట్టినట్టయింది. నెవిల్ చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు. పానాకి పాత ఇనుప గొట్టం తొడిగి, దాని మీద కాలు పెట్టి, ఒంటి బరువంతా వేసింది. కౌన్సిల్‌ని, బుల్డోజరుని, తన మొండితనాన్ని కలిపి ఒకే బూతు తిట్టింది. బోల్టు కదిలింది.

వాషర్లు మార్చింది. బిగించింది. మళ్ళీ సరిచూసి బిగించింది.

గార్ఫిట్ మూతి తుడుచుకుంటూ వచ్చాడు. బోల్టులన్నీ పట్టి చూశాడు. ఎక్కి తిప్పాడు. డోరీన్ వానలో నిలబడి అతని చేతులే చూస్తోంది. అవి పైకి లేచాయి. స్టీరింగ్ కదల్లేదు. కదల్లేదు. తర్వాత నిద్రలోంచి లేచినట్టు మెల్లగా వెనక్కి వచ్చింది. అతను రెండో వైపుకి తిప్పి వదిలాడు. అటూ వచ్చింది.

"బద్ధకంగా వచ్చింది. కానీ వచ్చింది. పాస్."

డోరీన్ థాంక్స్ చెప్పి, పానా, గొట్టం ఎత్తి కార్లో పడేసింది.

పరీక్షకు వచ్చిపోయేందుకు మాత్రం నంబరు లేకున్నా రోడ్డెక్కనిస్తారు. ఇంటిదారిలో మొదటి కూడలికే భుజం దాకా నొప్పి పాకింది. స్టీరింగ్‌ని రెండు చేతులతో లాగుతూ పళ్ళు కొరికింది.

"పక్కకి ఆపు, నేను నడుపుతా" అన్నాడు నెవిల్. "ఇంటికెళ్ళాక వాషర్లు మళ్ళీ వెనక్కి వేసుకుందువుగాని. అందరూ చేసేదే."

"వేసుకోను. నా చెయ్యి జారినా బండి దారికొస్తుంది. నొప్పిదేముంది, నాకు అలవాటే." మలుపు తిరిగేదాకా ఊపిరి బిగబట్టింది. "నువ్వు ఫోను తియ్యి. కౌన్సిల్‌కి చెయ్యి."

"ఏమని చెప్పమంటావ్?"

"లారీ వేరే వీధికి పంపుకోమను."